ట్యూబ్ ఆంప్‌కి ఇంట్లో చోటు: రియాక్టివ్ లోడ్ బాక్స్ గురించి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది దగ్గర ట్యూబ్ ఆంప్, అంటే గిటార్ సౌండ్‌ని వాక్యూమ్ ట్యూబులతో పెంచే ఆంప్లిఫయర్ ఉంది. దాన్ని మనసారా మోగించే వీలు మాత్రం లేదు. గోడకి అవతల పక్కింటివాళ్ళు, లోపలి గదిలో నిద్రపోతున్న పిల్లలు. అందుకని వాల్యూమ్ ఒకటి దగ్గరే పెట్టి వాయిస్తాం. అప్పుడు వినిపించేది ఆ ఆంప్ అసలు గొంతు కాదని మనకి తెలుసు, అయినా సర్దుకుంటాం. ఇలా సర్దుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు, రియాక్టివ్ లోడ్ బాక్స్ ఉంది. చాలామంది దాన్ని సౌండ్ తగ్గించే పెట్టె అనుకుని కొంటారు. దాని పని స్పీకర్ స్థానంలో కూర్చోవడం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఏది కొనాలి, ఎలా కలపాలి, టోన్ ఎందుకు బాగుంది, ఎందుకు బాగాలేదు అన్నవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు ఆంప్ ఎంత గట్టిగా మోగుతుందో లెక్క చూద్దాం. మామూలు 12 అంగుళాల గిటార్ స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే, 1 మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా వస్తుంది. అదే స్పీకర్‌కి 50 వాట్లు ఇస్తే ఇంకో 17 డెసిబెల్స్ కలుస్తాయి. "అయితే 5 వాట్ల చిన్న ఆంప్ కొనుక్కుంటా" అంటారు కొందరు. 50 నుంచి 5కి దిగితే తగ్గేది 10 డెసిబెల్స్. చెవికి సౌండ్ సుమారు సగమైనట్టు ఉంటుంది, అంతే. 5 వాట్ల ఆంప్ కూడా 105 డెసిబెల్స్ దగ్గర మోగుతుంది. గదిలో హాయిగా 70 డెసిబెల్స్ దగ్గర వాయించుకోవాలంటే స్పీకర్‌కి వెళ్ళాల్సింది వాట్‌లో వెయ్యో వంతు. ఏ ట్యూబ్ ఆంప్ పవర్ సెక్షనూ (స్పీకర్‌ని నడిపే చివరి భాగం) అంత తక్కువలో కష్టపడి పనిచేయదు. కాబట్టి చిన్న ఆంప్ ఈ సమస్యకి మందు కాదు.

పక్కింటివాళ్ళ సంగతి అలా ఉంచి, మన చెవుల గురించి కూడా ఒక మాట. అమెరికాలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ సౌండ్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. గిటార్ వాయించేవాళ్ళు ఈ లెక్క పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇప్పుడు ఆంప్ వెనక్కి వెళ్దాం. పవర్ ట్యూబులు, అంటే ఈఎల్34, 6ఎల్6, 6వీ6, ఈఎల్84 లాంటివి, ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్ మీద పనిచేస్తాయి. స్పీకర్‌కి కావాల్సింది తక్కువ వోల్టేజ్, ఎక్కువ కరెంట్. ఈ రెంటినీ కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ట్యూబుల వైపు కొన్ని వేల ఓమ్‌ల ఇంపీడెన్స్ (కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు) కనిపిస్తుంది, స్పీకర్ వైపు 4, 8 లేదా 16 ఓమ్‌లు. ఆ వేల ఓమ్‌లు ట్రాన్స్‌ఫార్మర్‌లో వాటంతటవి ఉండవు, అటువైపు స్పీకర్ ఉంటేనే ఇటువైపు కనిపిస్తాయి.

మరి స్పీకర్ తీసేస్తే? ట్యూబులు తోసిన శక్తికి వెళ్ళే దారి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో కరెంట్ ఒక్కసారిగా ఆగినప్పుడల్లా వోల్టేజ్ ఎగిసిపడుతుంది, మామూలుగా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. ట్యూబ్ సాకెట్‌లో నిప్పురవ్వలు దూకొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. అన్నిటికన్నా ప్రమాదం ఏంటంటే, అప్పుడు బయటికి చప్పుడు రాదు. చప్పుడు రావట్లేదని వాయించేవాళ్ళు వాల్యూమ్ ఇంకా పెంచుతారు. ట్రాన్సిస్టర్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఆన్ చేసినా మామూలుగా ఏమీ కాదు. ట్యూబ్ ఆంప్‌తో అలా చేయొద్దు, ఒక్క నిమిషం కూడా.

అందుకే లోడ్. అదే ఇంపీడెన్స్ చూపిస్తూ, వచ్చిన పవర్‌ని వేడిగా మార్చేసే పరికరం. అతి సులువైన లోడ్ ఒక పెద్ద రెసిస్టర్. బోస్టన్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజినీర్. 1980 ప్రాంతంలో ఆయన తెచ్చిన పవర్ సోక్ ఈ రెసిస్టర్ పద్ధతి మీదే పనిచేసింది. ఆంప్‌కి, స్పీకర్‌కి మధ్య పెడితే కొంత పవర్‌ని అది తాగేసి, మిగతాది స్పీకర్‌కి వదిలేది. మార్షల్ సూపర్ లీడ్ లాంటి 100 వాట్ల ఆంప్‌లకి అప్పట్లో మాస్టర్ వాల్యూమ్, అంటే ముందు భాగంలో వచ్చే గరుకు సౌండ్‌ని (డిస్టార్షన్) అలాగే ఉంచి చివరి సౌండ్ తగ్గించే నాబ్, ఉండేది కాదు. మార్షల్ మాస్టర్ వాల్యూమ్ మోడళ్ళు 1975లో వచ్చాయి. పాత ఆంప్‌లని మోగించాలంటే ఇలాంటిది తప్ప వేరే మార్గం లేదు. ఎక్కువ తగ్గించేకొద్దీ టోన్ మొద్దుబారిపోతుందని అప్పటి నుంచీ ఉన్న ఫిర్యాదు. ఆ ఫిర్యాదు నిజమే, దానికి కారణం కూడా స్పష్టంగా తెలుసు. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే "రియాక్టివ్" అన్న మాట అసలు సంగతి ఇదే.

స్పీకర్ వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. మల్టీమీటర్ పెడితే ఆరున్నర, ఏడు చూపిస్తుంది. వాయిస్తున్నప్పుడు ఈ రెండూ కాదు, ప్రతి స్వరానికీ ఆ అంకె మారుతూ ఉంటుంది. స్పీకర్ కోన్‌కి బరువు ఉంది, దాన్ని వెనక్కి లాగే అంచు ఉంది. ఉయ్యాల తనకి నచ్చిన లయలో తోస్తే కొద్ది బలానికే ఎత్తుకి వెళ్ళినట్టు, కోన్ కూడా ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర విపరీతంగా ఊగుతుంది. క్యాబినెట్‌లో ఉన్న గిటార్ స్పీకర్‌కి అది సుమారు 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అలా ఊగే కాయిల్ తిరిగి వోల్టేజ్ పుట్టించి ఆంప్‌కి ఎదురు తోస్తుంది. ఫలితంగా అక్కడ ఇంపీడెన్స్ 8 ఓమ్‌లకి ఐదారు రెట్లు, కొన్ని స్పీకర్లలో ఇంకా ఎక్కువకి లేస్తుంది. గిటార్ ఆరో తీగ, లో ఈ, 82 హెర్ట్జ్. ఐదో తీగ 110. అంటే మన లావు తీగల మూల స్వరాలు సరిగ్గా ఆ కొండ మీదే పడుతున్నాయి. పామ్ మ్యూట్ చేసినప్పుడు, అంటే అరచేతి అంచు తీగల మీద ఆనించి మీటినప్పుడు, పొట్టలో తగిలే ఆ దెబ్బకి ఇది ఒక ముఖ్య కారణం.

తర్వాత 300, 400 హెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ కిందికి దిగి 8 దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి మళ్ళీ నెమ్మదిగా పైకి ఎక్కుతుంది, ఎందుకంటే కాయిల్ ఒక ఇండక్టర్ కూడా. 5 వేల హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రెట్లు అవుతుంది.

ఇంపీడెన్స్ ఇలా ఎక్కి దిగితే టోన్‌కి ఏమిటి? ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే దాదాపు ఏమీ లేదు. ఆ ఆంప్ లోడ్ ఎంతైనా అదే వోల్టేజ్ ఇస్తుంది. ట్యూబ్ ఆంప్ అలా కాదు. వీటిలో వాడే పెంటోడ్ రకం పవర్ ట్యూబుల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. కాబట్టి లోడ్ ఇంపీడెన్స్ ఎక్కడ పెరిగితే అక్కడ వోల్టేజ్ కూడా పెరుగుతుంది. స్పీకర్ వంపు ఎలా ఉంటే ఆంప్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కూడా అలా వంగుతుంది. బేస్‌లో కొండ, పైన ట్రెబుల్ ఎత్తు. మనం "ఆంప్ టోన్" అని పిలుచుకునేది ఆంప్, స్పీకర్ కలిసి చేసినది. రెసిస్టర్ దగ్గర అన్ని ఫ్రీక్వెన్సీలకీ ఒకే 8 ఓమ్‌లు. ఆ బేస్ లేదు, ఆ మెరుపు లేదు. మొద్దుబారిందని చెవి చెప్పింది అందుకే.

ఇది అన్ని ఆంప్‌లలో ఒకేలా ఉండదు. ఫెండర్, మార్షల్ డిజైన్లలో చాలావాటికి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, అంటే అవుట్‌పుట్‌లో కొంత తిరగేసి వెనక్కి ఇస్తారు. అది అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌ని తగ్గించి, ఈ వంపుని కొంత చదును చేస్తుంది. ప్రెజెన్స్ నాబ్ చేసే పని కూడా ఇందులో భాగమే, పై ఫ్రీక్వెన్సీల్లో ఆ ఫీడ్‌బ్యాక్‌ని తగ్గిస్తుంది. వాక్స్ ఏసీ30లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేదు. అందుకని రెసిస్టర్ లోడ్‌కి, రియాక్టివ్ లోడ్‌కి తేడా అలాంటి ఆంప్‌లో బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్ కూడా పవర్ సెక్షన్ క్లిప్ అయ్యేదాకా (తరంగం కొనలు తెగిపోయేదాకా) వెళ్తే ఫీడ్‌బ్యాక్ పట్టు వదిలేస్తుంది, వంపు మళ్ళీ బయటపడుతుంది. మనం లోడ్ బాక్స్ కొనేదే ఆంప్‌ని అక్కడిదాకా తీసుకెళ్ళడానికి. కాబట్టి ఏ ఆంప్ అయినా నా సలహా రియాక్టివ్ వైపే.

రియాక్టివ్ లోడ్ బాక్స్ లోపల ఇండక్టర్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు కలిసి ఆ స్పీకర్ వంపుని నకలు చేస్తాయి. శక్తిని కాసేపు పట్టుకుని తిరిగి ఇస్తాయి, కోన్ చేసినట్టే. వేలితో తీగ మీటినప్పుడు ఆంప్ తిరిగి స్పందించే తీరు చేతికి తెలుస్తుంది. సర్ (Suhr), టూ నోట్స్, ఫ్రయెట్, యూనివర్సల్ ఆడియో, బాస్ లాంటి కంపెనీలు వీటిని చేస్తున్నాయి. కొన్నింటిలో వంపు ఒక్కటే, స్థిరంగా ఉంటుంది. బాస్ వాజా ట్యూబ్ ఆంప్ ఎక్స్‌పాండర్‌లో బేస్ కొండనీ, ట్రెబుల్ ఎత్తునీ మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం మంచిదే, కానీ దాని కోసమే ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను. వంపు ఉందా లేదా అన్నది పెద్ద తేడా, ఏ వంపు అన్నది చిన్న తేడా.

ఇక క్యాబినెట్ సంగతి. లోడ్ బాక్స్ లైన్ అవుట్ నుంచి వచ్చే సౌండ్‌ని నేరుగా వింటే గీరుతున్నట్టు, చెవులు కోస్తున్నట్టు ఉంటుంది. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ పైన బాగా కోసేస్తుంది, ఆ కోత ఇక్కడ లేదు. ఆ లోటు తీర్చేది ఇంపల్స్ రెస్పాన్స్, మనం ఐఆర్ అంటాం. ఒక స్పీకర్, ఒక క్యాబినెట్, ముందు పెట్టిన ఒక మైక్, ఇవన్నీ కలిసి సౌండ్‌ని ఎలా మారుస్తాయో చిన్న ఆడియో ఫైల్‌లో పట్టి ఉంచినది. ఐఆర్‌లు సాధారణంగా చదునైన రెస్పాన్స్ ఉన్న ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్‌తో రికార్డు చేస్తారు. అంటే ఇందాక చెప్పిన ఇంపీడెన్స్ వంపు ఆ ఫైల్‌లో ఉండదు. దాన్ని ఇవ్వాల్సింది లోడ్ బాక్సే. రెసిస్టర్ లోడ్ మీద ఎంత మంచి ఐఆర్ పెట్టినా ఏదో తక్కువైనట్టు ఉండడానికి కారణం ఇదే.

టోన్ నచ్చనప్పుడు చాలామంది లోడ్ బాక్స్ మార్చాలనుకుంటారు. ముందు ఐఆర్ మార్చండి. మైక్ ఒక అంగుళం పక్కకి జరిగితేనే సౌండ్ మారిపోతుంది, స్పీకరే మారితే చెప్పక్కర్లేదు. అయితే ఫోల్డర్ నిండా ఐఆర్‌లు దించుకుని సాయంత్రమంతా వాటి మీదే గడపడం కూడా సరికాదు. మీ చెవికి తెలిసిన క్యాబినెట్ ఒకటి, ఎస్‌ఎం57 మైక్‌తో తీసినది ఒకటి పట్టుకుని వారం రోజులు వాయించండి. ఆ తర్వాత మార్చాలనిపిస్తే మార్చండి.

ఇప్పుడు కలపడం. ఆంప్ ఆఫ్‌లో ఉండగానే ఆంప్ స్పీకర్ అవుట్ నుంచి లోడ్ బాక్స్ ఇన్‌పుట్‌కి స్పీకర్ కేబుల్ పెట్టండి. గిటార్ కేబుల్ కాదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల గిటార్ కేబుల్ తీగ సన్నం. పవర్ మోయడానికి అది పనికిరాదు, మధ్యలో తెగితే ఆంప్‌కి లోడ్ లేనట్టే. లోడ్ బాక్స్ 8 ఓమ్‌లది అయితే ఆంప్‌లో కూడా 8 ఓమ్‌ల అవుట్‌పుట్ వాడండి. ట్విన్ రివర్బ్, డీలక్స్ రివర్బ్ లాంటి ఫెండర్ ఆంప్‌లలో మెయిన్ స్పీకర్ జాక్‌లో ఏమీ పెట్టకపోతే అది అవుట్‌పుట్‌ని షార్ట్ చేస్తుంది. కాబట్టి వాటిలో లోడ్ బాక్స్‌ని మెయిన్ జాక్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్‌లో కాదు.

కొనేటప్పుడు ఒకటి బాగా చూసుకోండి. క్యాబినెట్ సిమ్యులేషన్ ఉన్న కొన్ని డీఐ బాక్సులు (సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే పెట్టెలు) లోడ్ బాక్సులు కావు. ఆంప్‌కి, స్పీకర్‌కి మధ్యలో కూర్చుని సిగ్నల్‌ని కొంచెం బయటికి తీస్తాయి, అంతే. వాటికి స్పీకర్ తగిలించి ఉండాల్సిందే. మాన్యువల్‌లో లోడ్ అని స్పష్టంగా, వాట్ల లెక్కతో సహా రాసి ఉంటేనే స్పీకర్ తీయండి.

ఆ వాట్ల లెక్కలో కూడా మార్జిన్ కావాలి. 50 వాట్ల ఆంప్ అంటే శుభ్రమైన సౌండ్‌కి 50. పూర్తిగా డిస్టార్ట్ అయితే సిగ్నల్ చదరపు తరంగానికి దగ్గరవుతుంది, పవర్ 80 వాట్ల పైకి కూడా పోవచ్చు. అందుకని 50 వాట్ల ఆంప్‌కి 100 వాట్ల లోడ్ బాక్స్ తీసుకోండి. ఆ పవరంతా వేడే. పెట్టె మీద గుడ్డలు, పుస్తకాలు పెట్టొద్దు, చుట్టూ గాలి ఆడాలి. వాయిస్తున్నప్పుడు లోడ్ బాక్స్ లోపలి నుంచి మీ స్వరాలే సన్నగా వినిపిస్తే కంగారు పడకండి. ఇండక్టర్ చుట్టలు కొద్దిగా కంపిస్తాయి, అది మామూలే.

లైన్ అవుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని కంప్యూటర్‌లోకి తీసుకెళ్ళే పెట్టె) లైన్ ఇన్‌కి కలపండి. గిటార్ ఇన్‌పుట్‌కి కాదు. ఆంప్ స్పీకర్ అవుట్‌ని ఇంటర్‌ఫేస్‌కి నేరుగా ఎప్పుడూ తగిలించకూడదు. 8 ఓమ్‌ల మీద 100 వాట్లు అంటే 28 వోల్టులు, ఇంటర్‌ఫేస్ అక్కడే పోతుంది, ఆంప్‌కీ లోడ్ ఉండదు. రికార్డింగ్ లెవెల్ గట్టిగా వాయించినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. కంప్యూటర్‌లో ఐఆర్ వాడుతుంటే ఇంటర్‌ఫేస్ డైరెక్ట్ మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే ఐఆర్ లేని ఆ గీరుడు సౌండ్ కూడా కలిసి వినిపిస్తుంది. బఫర్ 128 శాంపిల్స్, 48 కిలోహెర్ట్జ్ అయితే ఒక్కో వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. చేతికి ఇబ్బంది ఉండదు. హమ్ వస్తే, లోడ్ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే అది వాడండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం తీయొద్దు, అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

అన్నీ కలిపాక వాల్యూమ్ పదికి తిప్పాలనిపిస్తుంది. తిప్పండి, ఒకసారి విని వెనక్కి రండి. మాస్టర్ వాల్యూమ్ లేని ఆంప్‌లలో ఒక చోటు దాటాక సౌండ్ పెరగడం ఆగి డిస్టార్షన్ మాత్రమే పెరుగుతుంది. ఆ చోటుకి కొంచెం ముందూ వెనకా ఉన్న పరిధిలోనే వేలి బలానికి ఆంప్ బాగా పలుకుతుంది. నెమ్మదిగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా. దాని కోసమే ఇంత ఏర్పాటు. అంత వాల్యూమ్ దగ్గర పాత డిజైన్లలో బేస్ నాబ్ బాగా తగ్గించాల్సి వస్తుంది, లేకపోతే లావు తీగలు కలగాపులగమవుతాయి.

టోన్‌ని మీరు ఎంత సౌండ్‌లో వింటారో అంత సౌండ్‌లోనే సర్దుకోండి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు, తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తగ్గినట్టు వినిపిస్తాయని. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో తక్కువగా పెట్టి బేస్ పెంచుకుంటే, పొద్దున పెద్దగా విన్నప్పుడు గదంతా బేసే ఉంటుంది.

దీనివల్ల వచ్చే ఇంకో లాభం నాకు చాలా ఇష్టం. ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ మధ్యలో పెడల్స్ కలిపే జాక్‌లు) లేని పాత ఆంప్‌లో కూడా డిలే, రివర్బ్‌లని పవర్ సెక్షన్ డిస్టార్షన్ తర్వాత పెట్టుకోవచ్చు. పెడల్ ఆంప్ ముందు ఉంటే ఆ ప్రతిధ్వని కూడా డిస్టార్ట్ అయి ముద్దవుతుంది. లోడ్ బాక్స్ తర్వాత కంప్యూటర్‌లో కలిపితే స్వరం గరుకుగా, ప్రతిధ్వని శుభ్రంగా వస్తాయి.

రాని వాటి గురించి కూడా చెప్పాలి. గదిలో గాలి కదలడం రాదు. తీగ స్పీకర్‌తో కలిసి పాడే ఫీడ్‌బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో రాదు. స్పీకర్ కోన్ తన పరిమితి దాటినప్పుడు తానే చేసే డిస్టార్షన్‌ని ఐఆర్ పట్టలేదు. మీరు వినేది మైక్ పెట్టిన క్యాబినెట్‌ని, గదిలో నిలబడి విన్న క్యాబినెట్‌ని కాదు. మొదట్లో కొత్తగా ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు.

(సభలోంచి: సార్, ఇలా వాడితే ట్యూబులు త్వరగా పోతాయా?)

ఆంప్‌కి తాను స్పీకర్ మీద ఉందో లోడ్ మీద ఉందో తెలియదు. వాల్యూమ్ ఎనిమిది మీద ఉంటే స్టేజి మీద ఎనిమిది దగ్గర పడినంత కష్టమే ట్యూబులకి పడుతుంది. పవర్ ట్యూబులు త్వరగా అరుగుతాయి, 12ఏఎక్స్7 లాంటి ప్రీఆంప్ (ఆంప్ ముందు భాగం) ట్యూబులకి పెద్ద తేడా ఉండదు. చప్పుడు లేదు కదా అని ఆంప్‌ని ఆన్‌లోనే వదిలేసి భోజనానికి వెళ్ళడం లాంటివి మానేస్తే చాలు. బయాస్, అంటే పవర్ ట్యూబులు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునే కరెంట్ సెట్టింగ్, సరిగ్గా ఉందో లేదో టెక్నీషియన్‌తో చూపించుకోండి. మీరు మాత్రం ఆంప్ విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

(సభలోంచి: నా ఆంప్‌కి మాస్టర్ వాల్యూమ్ ఉంది, డిస్టార్షన్ అంతా ప్రీఆంప్‌లోనే వస్తుంది. నాకు ఇది అవసరమా?)

మీకు లాభం తక్కువే, కానీ ఉంది. మాస్టర్ మూడు, నాలుగు దాకా వెళ్తే ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబులకి సిగ్నల్ పంచే భాగం), పవర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్ మేలుకుంటాయి, సౌండ్‌కి ఒళ్ళు వస్తుంది. నిశ్శబ్దంగా రికార్డు చేసుకునే వీలు ఎలాగూ ఉంటుంది. మీ దగ్గర డబ్బు ఒక్కదానికే ఉండి, మీరు గదిలో స్పీకర్ మీద వాయించడమే ఇష్టపడితే మాత్రం అటెన్యుయేటర్ (స్పీకర్‌కి వెళ్ళే పవర్‌ని తగ్గించేది) కూడా ఉన్న లోడ్ బాక్స్ చూడండి.

(సభలోంచి: అదే అడుగుదామనుకున్నాను. లోడ్ బాక్స్‌తో పాటు స్పీకర్ కూడా వాడొచ్చా?)

బాక్స్‌ని బట్టి ఉంటుంది. టూ నోట్స్ క్యాప్టర్‌లో 20 డెసిబెల్స్ తగ్గించి స్పీకర్‌కి ఇచ్చే అవుట్‌పుట్ ఉంది. 50 వాట్ల ఆంప్ అయితే అర వాట్ స్పీకర్‌కి వెళ్తుంది. ఇందాకటి లెక్క వేసుకోండి, అర వాట్ అంటే 1 మీటరు దగ్గర ఇంకా 95 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పగటిపూట తలుపులు మూసి వాయించడానికి సరే, రాత్రికి కాదు. సర్ రియాక్టివ్ లోడ్ లాంటి వాటిలో స్పీకర్‌కి అవుట్‌పుట్ ఉండదు. ఫ్రయెట్ పవర్ స్టేషన్, బాస్ ఎక్స్‌పాండర్ లాంటి వాటిలో లోడ్ తర్వాత వేరే పవర్ ఆంప్ ఉంటుంది. కాబట్టి స్పీకర్ ఎంత మెల్లగా మోగాలో నాబ్‌తో మీరే నిర్ణయించుకోవచ్చు, ఖరీదు కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఒకే స్పీకర్ అవుట్ నుంచి రెండుగా చీల్చి ఒకటి లోడ్ బాక్స్‌కి, ఒకటి స్పీకర్‌కి ఇవ్వొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. రెండు 8 ఓమ్‌లు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు అవుతాయి, ఆంప్‌ని 4 మీద పెట్టాలి. అప్పుడు స్పీకర్‌కి సగం పవర్ వెళ్తుంది, అంటే సౌండ్ తగ్గేది 3 డెసిబెల్సే. గదిలో వాయించుకోవడానికి ఆ మార్గం పనికిరాదు.